గుండె పద్దు చదివించుకోండి

విజయవాడలో పేస్‌మేకర్ పెట్టించుకుని నోయిడాలో మా దగ్గరికి వచ్చిన అత్తగారిని మొన్న చెకప్‌కి తీసుకెళ్లాను. ఎడమ భుజం కింద చర్మం ఉబ్బినట్టున్న చోట టెక్నీషియన్ అరచేతిలో పట్టే పరికరం ఒకటి ఆనించాడు. సూది లేదు, రక్తం తీయడం లేదు. కాసేపటికి పక్కనున్న, పేస్‌మేకర్‌ని చదివే ప్రోగ్రామర్ అనే యంత్రం తెర మీద బ్యాటరీ ఇంకా ఎన్నేళ్లు వస్తుందో కనిపించింది. దాని కింద ఇంకో వరస ఉంది: గుండె పై గదులు లయ తప్పింది మూడుసార్లు, అన్నిటికన్నా ఎక్కువసేపు తప్పింది 11 నిమిషాలు. ఎప్పుడైనా దడ అనిపించిందా అని డాక్టరు హిందీలో అడిగితే నేను తెలుగులో చెప్పాను. "లేదమ్మా, హాయిగా నిద్రపోతున్నా" అన్నారావిడ. ఆవిడ చెప్పిందీ నిజమే, పేస్‌మేకర్ రాసుకున్నదీ నిజమే.

1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. గుండె సొంతంగా కొట్టుకుంటోందో లేదో దానికి తెలియదు, ఒకే వేగంతో కరెంటు పంపడం ఒక్కటే దాని పని. ఇప్పటివి ముందు వింటాయి, అవసరమైతేనే కరెంటు పంపుతాయి. రెండు వైర్ల పేస్‌మేకర్లో ఒక వైరు కుడి కర్ణికలో, అంటే పై గదిలో, ఇంకోటి కుడి జఠరికలో, అంటే కింది గదిలో ఉంటుంది. కర్ణికలో పుట్టే మిల్లీవోల్టుల సంకేతాన్ని పై వైరు ప్రతి క్షణం వింటూ ఉంటుంది. కర్ణికలు నిమిషానికి వందలసార్లు అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలైతే, ఆ వేగంతో కింది గదులను పరుగెత్తించకుండా పేస్‌మేకర్ తన పద్ధతి మార్చుకుంటుంది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది అన్నది రాసుకుని, అప్పటి గుండె సంకేతాల గీతలు కొన్ని దాచిపెడుతుంది. దాని జ్ఞాపకం చిన్నది. కొత్త గీతలు చేరేకొద్దీ పాతవి చెరిగిపోతాయి.

పది సెకన్ల ఇసిజికి ఇది దొరకదు, రోగికి తెలియదు. అయినా పట్టించుకోవాల్సిందే. అదిరే కర్ణికలో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. 2012లో వెలువడిన అసర్ట్ అధ్యయనంలో, అంతకుముందు ఈ జబ్బు లేని, 65 ఏళ్లు దాటిన, బీపీ ఉన్న 2,580 మందిని చూశారు. మొదటి మూడు నెలల్లోనే పదిమందిలో ఒకరికి 6 నిమిషాలు మించిన ఇలాంటి నమోదు కనిపించింది. మిగతావాళ్లకన్నా వాళ్లకు పక్షవాతం, గడ్డల ముప్పు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ.

అలాగని తెర మీద ఆ వరస కనబడగానే రక్తం పల్చబరిచే మాత్ర మొదలుపెట్టేయకూడదు. ముందు ఆ గీతలను డాక్టరు కళ్లతో చూడాలి. కింది గది సంకేతమో, బయటి విద్యుత్ అలజడో పై వైరుకు వినబడి పెట్టె పొరబడడం మామూలే. నిజమైన ఫిబ్రిలేషనే అయినా, 2023లో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాలు జాగ్రత్తగా ఉండమన్నాయి. నోవా అనే ప్రయోగంలో ఎడోక్సాబాన్ అనే అలాంటి మాత్ర వల్ల ప్రయోజనం తేలలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. నాలుగు వేల మందితో చేసిన ఆర్టీసియాలో ఎపిక్సాబాన్ అనే మరో మాత్ర, ఆస్పిరిన్‌తో పోలిస్తే, పక్షవాతం, గడ్డల ముప్పును ఏడాదికి 1.24 శాతం నుంచి 0.78 శాతానికి తగ్గించింది. తీవ్ర రక్తస్రావం 0.94 నుంచి 1.71 శాతానికి పెరిగింది. అందుకే వయసు, బీపీ, షుగరు, పాత పక్షవాతం, లయ ఎంతసేపు తప్పింది, ఇవన్నీ తూచి నిర్ణయించాలి. 24 గంటలు దాటితే విషయం వేరు, అప్పుడు ముప్పు బాగా పెరుగుతుంది.

మన దగ్గర ఖర్చు తగ్గుతుందని చాలామందికి కింది గదికి ఒక్క వైరుతోనే పేస్‌మేకర్ పెడతారు. ప్రాణం నిలబెట్టడానికి అది చాలు. కానీ పై గదిని అది వినలేదు కనుక ఈ పద్దు అందులో ఉండదు. అలాంటివాళ్లకు నాడి చూడడం, ఇసిజి, రోజంతా గుండె గీతలు రాసే హోల్టర్ లాంటి పరీక్షలే దారి.

ఊళ్లో పెట్టించుకుని ఢిల్లీలో పిల్లల దగ్గర ఉండేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఒక కంపెనీ పేస్‌మేకర్‌ని ఆ కంపెనీ ప్రోగ్రామరే చదవగలదు. కంపెనీ పేరు, మోడల్ నంబరు రాసిన కార్డు చేతిలో లేకపోతే, ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్లినా ముందు అది ఏ కంపెనీదో కనుక్కోవడానికే సమయం పోతుంది. మెట్రో గేటు దగ్గరా ఆ కార్డే పనికొస్తుంది. అది చూపించి చేత్తో తనిఖీ చేయమనండి, చేతి డిటెక్టర్‌ని పేస్‌మేకర్ మీద ఆనించి ఉంచనివ్వకండి.

బ్యాటరీ బాగుందంటే చాలని ఇంటికి వచ్చేయకండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగే ఆ చెకప్‌లో "పై గదుల్లో ఏమైనా నమోదైందా? ఎంతసేపు? గీతలు మీరు చూశారా?" అని అడగండి. అమ్మానాన్నలు మొహమాటపడితే, పక్కనున్న మీరే అడగండి.