టైరు మారితే మీటరు లెక్కా మారుతుంది

బషీర్‌బాగ్ చౌరస్తా నుంచి ఆబిడ్స్ వైపు కాస్త ముందుకెళితే మొజంజాహి మార్కెట్ వస్తుంది. 1935లో కట్టిన ఈ మార్కెట్‌కే ఒకప్పుడు చుట్టుపక్కల జిల్లాల పండ్ల బండ్లు వచ్చేవి. 1980ల్లో పండ్ల వ్యాపారం కొత్తపేటకు, 2021లో అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీది బాటసింగారానికి మారింది. మార్కెట్ మారినప్పుడల్లా రైతు కిరాయి లెక్కా మారింది. కిరాయి కిలోమీటర్ల మీద, కిలోమీటర్లు మీటరు మీద ఆధారపడ్డాయి. మరి ఆ మీటరు సరిగా చెబుతోందా?

అరిగిన టైర్లు తీసి కాస్త పెద్ద సైజువి వేయిస్తారు. లేదా బరువు లాగాలని వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ మారుస్తారు. మీటరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. చాలా బండ్లలో మీటరు వైరు గేరుబాక్సు నుంచి వస్తుంది. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలుస్తుంది గానీ, చక్రం ఎంత దూరం దొర్లిందో తెలియదు. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మీటరు తక్కువ చూపుతుంది. చిన్న టైరైతే ఎక్కువ చూపుతుంది. అరిగిపోయిన టైరుతోనూ 2, 3 శాతం తేడా రావచ్చు.

నష్టం ఎవరికి?

పాత టైరు పది చుట్లకు 25 మీటర్లు, కొత్తది 26.5 మీటర్లు దొర్లిందనుకోండి. తేడా 6 శాతం. మీటరు 100 చూపేసరికి బండి 106 కిలోమీటర్లు పోయి ఉంటుంది. కిలోమీటరుకు 20 రూపాయల చొప్పున ఒక్క ట్రిప్పులో బండి యజమానికి 120 రూపాయలు పోతాయి. టైరు అదే లెక్కన చిన్నదైతే ఆ 120 సరుకు వేసుకున్న రైతు జేబులోంచి పోతాయి.

ఇంకో చిక్కుంది. లీటరుకు 10.6 కిలోమీటర్లు ఇస్తున్న బండి మీటరు లెక్కలో 10 మాత్రమే ఇచ్చినట్టు కనిపిస్తుంది. డీజిల్ ఎటు పోయిందని డ్రైవరును అనుమానిస్తారు. తప్పు మీటరుది, నింద మనిషికి! పైగా ముల్లు 60 మీద ఉన్నప్పుడు బండి 64 దాకా పోతుండవచ్చు. లోడు బండికి అది ప్రమాదం.

పరీక్ష ఇలా చేయండి

లోడుతో, గాలి సరిగ్గా నింపి, హైవే మీద ఒక కిలోమీటరు రాయి దగ్గర మీటరు అంకె రాసుకోండి. పది రాళ్లు దాటాక మళ్లీ చూడండి. 10కి బదులు 9.4 చూపితే తేడా ఉన్నట్టే. రాళ్ల మీద అనుమానముంటే ఫోనులోని జీపీఎస్‌తో సరిచూసుకోండి. వేగం ముల్లు మామూలుగానే కాస్త ఎక్కువ చూపుతుంది కాబట్టి కిలోమీటర్ల అంకెనే నమ్మాలి.

సరిచేయడం ఎలా?

వైరు మీటరు బండ్లలో గేరుబాక్సు దగ్గర వైరును తిప్పే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాని పళ్లు తగ్గితే వైరు వేగంగా తిరుగుతుంది. 18 పళ్లది తీసి 17 పళ్లది వేస్తే మీటరు దాదాపు 6 శాతం ఎక్కువ చూపుతుంది. పై ఉదాహరణలోని తేడా సరిపోతుంది. అయితే ఆ గేరుబాక్సుకు సరిపడే చక్రమే దొరకాలి. సెన్సారుతో పనిచేసే కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టి టైరు కొలతకు తగ్గట్టు లెక్క మారుస్తారు. అది సర్వీసు సెంటర్లో చేయించడమే మంచిది.

గుర్తుంచుకోండి

- కంపెనీ ఒప్పుకున్న సైజు టైర్లే వేయించాలి.
- మీటరు సరిచేయించిన తేదీ, అప్పటి అంకె పుస్తకంలో రాసుకోవాలి. తిరిగిన కిలోమీటర్లు వెనక్కి తిప్పించడం మాత్రం మోసమే.
- సరిచేసేదాకా మీటరు 9.4 చూపితే 10గా లెక్క కట్టుకోవాలి.
- కిరాయికి మాట్లాడుకునేటప్పుడు ఊరి నుంచి మార్కెట్‌కు దూరం ముందే ఒప్పుకుంటే తర్వాత పేచీ ఉండదు.

కాటా దగ్గర పావుకిలో తేడా వస్తే ఊరుకోం. కిలోమీటరు దగ్గర మాత్రం ఎందుకు ఊరుకోవాలి?