చెప్పులు విడిచిన చోట

శివరాత్రికి రామతీర్థం వెళ్ళినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తకాదు. కొండమెట్ల మొదట్లో చెప్పులు. కొత్తవీ, పాతవీ, తెగితే పిన్నీసు పెట్టినవీ, పెళ్ళికి కొన్నవీ. కొందరు కాపలా మనిషికి చిల్లర చేతిలో పెట్టి అప్పగిస్తారు. చాలామంది మాత్రం ఓ బండ పక్కనో చెట్టు మొదట్లోనో విడిచేసి, కొండకేసి ఓ దండం పెట్టి ఎక్కేస్తారు. నేనూ రెండో రకమే. ఇన్నేళ్ళలో నా చెప్పులు ఒక్కసారి పోయాయి. అదీ పొరపాటున జరిగిందే అయివుండాలి, ఎందుకంటే వాటి స్థానంలో అదే రంగు జత, అరంగుళం చిన్నది, నాకోసం ఎదురుచూస్తోంది.

(రాముడి క్షేత్రంలో శివరాత్రి జాతరేమిటని ఎక్కడివాళ్ళో అడుగుతుంటారు. పక్కనే సదాశివుడి గుడి ఉంది. హరికీ హరుడికీ మధ్య తగువు పెట్టే తీరిక మన జిల్లావాళ్ళకి లేదు.)

సరే, ఆ చెప్పుల జోలికి పోని మనిషే పది నిమిషాల తర్వాత ఏం చేస్తాడో చూడండి. దర్శనం వరసలో ఎవరో తెలిసినవాడు కనిపించగానే "బావా!" అని ఓ కేకేసి, తాడు కిందనుంచి దూరి, వందమందికి ముందు నిలబడతాడు. వందమందికీ తలా ఒక నిమిషం. అంటే గంటన్నర పైచిలుకు కాలం చిటికెలో కాజేశాడన్నమాట. ఎవరి చెప్పులో తొడుక్కుపొమ్మంటే చచ్చినా పోడు. గంటన్నర కాజేసినందుకు మాత్రం చీమకుట్టినట్టయినా ఉండదు. పైగా "ఎలాగో సంపాదించానురా దర్శనం" అని ఇంటికెళ్ళి చెప్పుకుంటాడు.

ఈ చిక్కు నన్ను చాలాకాలంగా పట్టుకుంది. మనిషి నిజాయితీపరుడా, కాడా అని అడగడం ఆ మనిషిని చూస్తే అర్థంలేని ప్రశ్న అనిపిస్తుంది. పొరుగింటి పాలమ్మాయి పొరపాటున పది రూపాయలు ఎక్కువిస్తే వెనక్కి పిలిచి ఇచ్చే పెద్దమనిషి, విజయనగరంలో పాసింజరెక్కి శ్రీకాకుళం రోడ్డులో టిక్కెట్టు లేకుండా దిగిపోవడం నేనెరుగుదును. ఆయన రెండు నాల్కల మనిషి కాడు. రెండుచోట్లా ఆయన ఒక్కడే. పాలమ్మాయికి ముఖం ఉంది, రైల్వేకి లేదు. అంతే తేడా. వరసలో వెనకున్న వందమందికి కూడా అతడు వీపు తిప్పేశాడు కనుక ముఖాలు లేవు. చెప్పులకి మాత్రం, విచిత్రమేమంటే, ముఖం ఉంది. ఆ పిన్నీసు పెట్టిన జత చూడగానే, ఎండలో వట్టికాళ్ళతో ఇంటికి నడిచే మనిషెవరో మనసులో కదుల్తారు.

ఇది నా సొంత ఊహే అనుకుంటూ వచ్చాను గాని, 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నాకు కొంత బలమిచ్చింది. మన దేశంతో సహా 40 దేశాల్లో, 355 నగరాల్లో, పదిహేడు వేలకు పైగా పర్సులు తీసుకెళ్ళి బ్యాంకుల్లో, హోటళ్ళలో, మ్యూజియంలలో, పోస్టాఫీసుల్లో "దారిలో దొరికిందండీ" అని అక్కడి గుమాస్తాల చేతికిచ్చి వచ్చారు. లోపలున్నది బయటికి కనిపించే పర్సులవి. పోగొట్టుకున్నవాడి చిరునామా చీట్లు, ఒక తాళంచెవి, సరుకుల చీటీ వాటిలో ఉన్నాయి. కొన్నిట్లో డబ్బుంది, కొన్నిట్లో లేదు. ఏ పర్సులు ఎక్కువగా తిరిగొస్తాయి? డబ్బులేనివే అని మీరూ నేనూ అంటాం. అర్థశాస్త్ర పండితుల్ని అడిగితే వారూ సరిగా చెప్పలేకపోయారు. జరిగింది తలకిందులు. డబ్బులేని పర్సుల గురించి నూటికి 40 మంది కబురుచేస్తే, డబ్బున్న పర్సుల గురించి 51 మంది చేశారు. డబ్బు పెంచినచోట ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఖాళీ పర్సు ఊరకుంచుకోవడం బద్ధకం, డబ్బున్నది ఉంచుకోవడం దొంగతనం. తన కళ్ళకి తాను దొంగగా కనిపించడానికి మనిషి ఒప్పుకోడు. తాళంచెవి సంగతి మరీ బాగుంది. అది దొరికినవాడికి పనికిరాదు, పోగొట్టుకున్నవాడికి మాత్రం ప్రాణం. తాళంచెవి తీసేసిన పర్సులు తక్కువగా తిరిగొచ్చాయి. అంటే ఆ చెవిలోనే ఎవరిదో ముఖం ఉందన్నమాట.

తన కళ్ళకి తాను దొంగగా కనబడకుండా ఉండటానికి ఇంకో దారి కూడా ఉంది, దొంగతనానికి పేరు మార్చడం. ఆ విద్యలో మనకి గురువు ఉండనే ఉన్నాడు. 1892లో కన్యాశుల్కం మొట్టమొదట విజయనగరంలో ఆడినప్పటినుంచీ గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాం. ఆయన ఏ పనికైనా ఒక సిద్ధాంతం తయారుగా ఉంచుకునేవాడు. మనం టిక్కెట్టు కొనకపోవడానికి "బళ్ళు వేళకి నడిపారా ఏమిటి?" అన్న సిద్ధాంతం ఉంచుకుంటాం. నవ్వేది ఎవర్ని చూసో తెలియడంలేదు.

రామతీర్థంలోనే ఈ ముఖం మాట ఇంకోలా కళ్ళకి కట్టింది. 2020 డిసెంబరు చివర్లో బోడికొండ మీది కోదండరాముడి విగ్రహానికి ఎవరో తల తెగ్గొట్టారు. ఆ శిరస్సు కొండమీది కొలనులో దొరికింది. జిల్లా అంతా ఉడికిపోయింది. ఎన్నడూ ఆ మెట్లెక్కనివాళ్ళు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు, నాకూ ఆ రోజు ముద్ద దిగలేదు. గుడి మళ్ళీ కట్టి, 2022 ఏప్రిల్‌లో కొత్త విగ్రహాలు ప్రతిష్ఠించారు. కాని దగ్గర్లోనే గురుభక్తులకొండ ఉంది. కొండ పక్కన ఇరుకైన చదునులో బౌద్ధుల స్తూపం, చైత్యాలు, విహారాలు, ఇటుకల వరసలుగా మిగిలి ఉన్నాయి. దుర్గకొండ మీద జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. పదకొండో శతాబ్దంలో, విమలాదిత్యుడి కాలంలో, ఒక జైనాచార్యుడు ఇక్కడి కొండకి వచ్చి నమస్కరించిపోయినట్టు శాసనమే ఉంది. ఆ పాత ఇటుకల మీద బొగ్గుతో, మేకుతో చెక్కిన ప్రేమికుల పేర్లు నేను చదివాను. అవి చెక్కినవాళ్ళు విగ్రహం సంగతి విని నాలాగే బాధపడి ఉంటారు. విగ్రహానికి కళ్ళున్నాయి, మనకేసి చూస్తాయి. ఇటుకకి లేవు. దెబ్బ ఏది పెద్దదని తూకం వేయడం నా ఉద్దేశం కాదు. మన బాధ దేన్నిబట్టి కదులుతుందో చూడమంటున్నాను.

ఇక మన కాలేజీల సంగతికి వస్తాను. హాజరు తక్కువైనవాళ్ళు కొంత రుసుం కట్టి పరీక్షకి కూర్చునే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. కండోనేషన్ అంటారు, అనగా క్షమాపణ. ఆ మాట ఏ విద్యార్థి నోటా ఆ అర్థంలో నేను వినలేదు. "ఈ సెమిస్టరు కండోనేషన్ కట్టేద్దాంరా" అంటారు, కరెంటు బిల్లులా. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో శిశుకేంద్రాలు కొన్ని ఇలాగే దెబ్బతిన్నాయి. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వస్తున్నారని జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. 2000లో ప్రచురించిన ఈ పరిశోధన చెప్పిన కారణం చిన్నదే. అంతకుముందు, పిల్లాడితో పాటు ఓ పంతులమ్మ ఇంటికెళ్ళకుండా కూర్చుందే అన్న జంకు ఉండేది. జరిమానా రాగానే అది ధర అయిపోయింది. ధర కట్టినవాడు తలదించుకోవడం దేనికి? చివరికి జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు పాతస్థాయికి దిగలేదు. పంతులమ్మ ముఖం చెరిపేసింది డబ్బే. జరిమానాలన్నీ దండగని నేననను. సిగ్గు ఉన్నచోట రేటు పెట్టేముందు ఒకసారి ఆలోచించమంటాను. అధ్యాపక మిత్రులు కోప్పడరాదు.

ఇంతవరకూ ఇతరుల సంగతి చెప్పాను. నాది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం గిరీశం పనే అవుతుంది.

నేను డిగ్రీ చదివేరోజుల్లో ఒక శివరాత్రికి, సాయంత్రం నలుగురం బోడికొండ దిగుతున్నాం. విజయనగరం బస్సు వెళ్ళిపోతుందని కంగారు. మెట్ల పక్కన ఒక ముసలామె బండకి చేరగిలబడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. "నాయినా, సూపు తిరిగిపోతంది, కాసిన్ని నీల్లుంటే యియ్యి బాబూ" అంది. మా దగ్గర నీళ్ళు లేవు, నిజమే. కాని నేనన్నమాట అది కాదు. "వెనక మావాళ్ళు తెస్తున్నారు మామ్మా, ఇస్తారు" అన్నాను. వెనక మావాళ్ళెవరూ లేరు. అడక్కుండానే అబద్ధం నోట్లోంచి వచ్చేసింది. కిందికెళ్ళి బస్సెక్కి కూర్చున్నాం. బస్సు ఇంకో ముప్పావుగంట కదల్లేదు. ఆ ముప్పావుగంటలో నేను దిగి వెనక్కి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. సీటు పోతుందని.

చాలా ఏళ్ళ తర్వాత, డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు 1973లో ప్రచురించిన ప్రయోగం చదివాను. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో, మతబోధకులు కాబోయే నలభైమంది విద్యార్థుల్ని ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. కొందరి ప్రసంగం బైబిల్లోని మంచి సమరయుని కథ మీదే, దారిలో గాయపడి ఉన్నవాణ్ణి పూజారి దాటిపోతే పరాయివాడు ఆగి ఆదుకున్న కథ. దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి మూలుగుతుండేలా ఏర్పాటుచేశారు. తీరిక ఉన్నవాళ్ళలో నూటికి 63 మంది సాయానికి ఆగారు. "ఆలస్యమైంది, త్వరగా వెళ్ళండి" అని తరిమినవాళ్ళలో 10 మంది. ప్రసంగం ఆ కథ మీదా, వేరేదాని మీదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. కథ చెప్పబోతూ మనిషిని దాటుకుపోయినవాళ్ళున్నారు. నేను రాముణ్ణి చూసి వస్తూ దాటిపోయాను.

చదివినప్పుడు, మొదట కాస్త ఊరట కలిగిన మాట దాచను. తప్పు నాది కాదు, తొందరది. ఈ ఊరటతోనే ఆ ప్రయోగాన్ని ఏటా క్లాసులో చెబుతూ వచ్చాను. మనుషుల్ని తిట్టేముందు వాళ్ళ చేతిగడియారం చూడాలి అని చెప్పి, పిల్లలు నవ్వితే సంతోషించేవాణ్ణి.

రెండేళ్ళ క్రితం వెనక బల్లనుంచి ఒక కుర్రాడు లేచాడు. గజపతినగరం వైపు పల్లెనుంచి వచ్చేవాడు, క్లాసుకి రావడమే అరుదు. "సార్, ఆలస్యమైనా ఆ పదిమంది ఆగారు కదా. ఆలకి తొందర్లేదా ఏటి?" అన్నాడు.

ఆ రోజు గంట కొట్టారని తప్పించుకున్నాను. మర్నాడు చెబుదామని స్టాఫ్‌రూములో పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఆ పదిమంది ఎందుకు ఆగారో అందులో నాకు సరిపడే జవాబు దొరకలేదు. మర్నాడు కుర్రాడు రాలేదు. ఆ తర్వాత వారం కూడా రాలేదు. సెమిస్టరు చివర నోటీసుబోర్డు మీద కండోనేషన్ జాబితాలో అతడి పేరు కనిపించింది. వరండాలో ఎదురుపడితే ఆపి అడిగాను, ఎందుకురా రావడంలేదని.

"మా అప్పకి బాగోలేదు సార్, కేజీహెచ్‌లో ఉండిపోయాను. రుసుం కట్టేసినాను సార్, మీరేటీ అనుకోకండి" అన్నాడు.