ఫ్రిజ్ గోడ కుర్చీ అయిన వైనం

పాత ఫ్రిజ్ తలుపు తీస్తే కనిపించే తెల్లటి నున్నటి గోడ చాలా ఫ్రిజ్‌లలో పాలీస్టైరీనే. వేడి పలకను అచ్చులోకి పీల్చి, అరలు ఆనే గాడులతో సహా ఆ ఆకారం తెప్పిస్తారు. మనం థర్మోకోల్ అనేదీ ఈ పదార్థమే, కాకపోతే నురుగులా ఉబ్బించినది. ఉత్త పాలీస్టైరీన్ పెళుసు, పుటుక్కున విరుగుతుంది. అందుకే ఫ్రిజ్‌కు వాడే రకంలో సన్నటి రబ్బరు రేణువులు కలుపుతారు. పగులు మొదలైనా అవి దాన్ని ముందుకు పాకనివ్వవు.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ డిజైన్ అకాడమీ విద్యార్థి డిర్క్ వాండర్ కోయ్ 2010లో తన చదువు చివరి ప్రాజెక్టుకు ఈ గోడలనే ముడిసరుకుగా తీసుకున్నాడు. ప్లాస్టిక్‌ను పలుకులుగా మర పట్టించి, కరిగించి, ఫ్యాక్టరీ పని నుంచి తప్పించిన ఓ రోబో చేతికి అమర్చిన గొట్టంలోంచి వదిలాడు. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు లావుపాటి తీగ దిగుతూ, వరస మీద వరస పేరుకుని కుర్చీ అయింది. దాని పేరు ఎండ్‌లెస్. తీగ వరసలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. గీకి నున్నగా చేయకుండా వదిలేయడమే దాని అందమని నా అభిప్రాయం.

కొత్త వరస పడేటప్పుడు కింది వరస పైతోలు మళ్లీ మెత్తబడుతుంది. పాలీస్టైరీన్ దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగువు వదులుతుంది. అంతకు మించి వేడిగా ఉన్నంతసేపూ రెండు వరసల్లోని పొడవాటి అణు గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడి చిక్కుపడతాయి. కుర్చీ బలమంతా ఆ చిక్కుముడిలోనే ఉంది. తీగ సన్నగా ఉంటే త్వరగా చల్లారి అతుకు సరిగా పట్టదు. లావు తీగలో వేడి కాసేపు నిలుస్తుంది, పనీ త్వరగా తెములుతుంది.

మన ఫంక్షన్ హాళ్లలో ఒకదానిమీద ఒకటి పేర్చే కుర్చీలది వేరే దారి. వాటిది పాలీప్రొపిలీన్. చల్లారేటప్పుడు దాని గొలుసులు కొంతమేర బారులు తీరి స్ఫటికాలవుతాయి కనుక నూటికి ఒకటి రెండు పాళ్లు కుంచించుకుపోతుంది. ఉక్కు అచ్చు లోపలైతే ఒత్తిడి పెట్టి దాన్ని అదుపు చేయొచ్చు. అచ్చు లేకుండా వరసలుగా పోస్తే అంచులు పైకి లేస్తాయి. పాలీస్టైరీన్ గొలుసులకు అలా బారులు తీరే గుణం లేదు, కుంచించుకుపోవడం నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉక్కు అచ్చుకు లక్షలు పోయాలి, డిజైన్ మారితే అచ్చూ మార్చాలి. రోబోకైతే నడక మారిస్తే చాలు.

అలాగని ఫ్రిజ్ మొత్తం కుర్చీ కాదు. తెల్ల గోడ వెనకాలే ఉండే పసుపు నురుగు పాలీయురేథేన్. దాని గొలుసులు అడ్డదిడ్డంగా శాశ్వతంగా ముడిపడి ఉంటాయి, ఎంత వేడి పెట్టినా మాడుతుందే తప్ప కరగదు. ఒక్క తలుపులోనే కరిగేదీ కరగనిదీ పక్కపక్కన ఉంటే, సరుకు మీద ‘రీసైకిల్’ అన్న ముద్ర చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. ఏ ప్లాస్టిక్ అని అడగాలి.

అదే 2010లో అమెరికా కంపెనీ ఎమెకో, కోకాకోలాతో కలిసి ‘111 నేవీ చైర్’ తెచ్చింది. 1944లో అమెరికా నౌకాదళం కోసం చేసిన అల్యూమినియం కుర్చీకి అది ప్లాస్టిక్ రూపం. ఒక్కో కుర్చీలో కనీసం 111 పాత సీసాల పెట్ ప్లాస్టిక్ ఉంటుంది. పెట్‌కు తేమ పడదు. తడి ఉండగా కరిగిస్తే నీరు దాని గొలుసులను తెగ్గొడుతుంది, కాబట్టి ముందు బాగా ఆరబెట్టాలి. మనిషి బరువు మోసే బిగువు కోసం గాజు పీచు కూడా కలిపారు. గట్టిదనం వచ్చింది గానీ, ఆ కుర్చీని మళ్లీ మర పట్టిస్తే పీచు పొట్టిపొట్టి ముక్కలవుతుంది, ఆ సరుకుతో మునుపటంత బిగువైన కుర్చీ రాదు. ఎండ్‌లెస్‌లో అలాంటి పీచు లేదు. విరిగితే మళ్లీ పలుకులు చేసి గొట్టంలో పోయొచ్చు. కరిగించిన ప్రతిసారీ గొలుసులు కొంత పొట్టివవుతాయి కనుక, దానికీ కొన్ని విడతలే.