నాచారంలో నాచు మేసే చేప

"సక్కర్ పిల్లే సార్, అద్దం నాకి శుభ్రం చేసేస్తది" అంటూ దుకాణం కుర్రాడు గాలి నింపిన కవర్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక కవర్ పైకెత్తి అడుగునుంచి చూశాను. అది సక్కర్ కాదు.

సక్కర్‌ది నోటి పట్టు. పెదవులే గిన్నెలా అద్దానికి అతుక్కుంటాయి, ఒంటిమీద గట్టి పలకలుంటాయి. మన చెరువుల్లో వలలు చింపేస్తోందని పత్రికలు దెయ్యం చేప అని రాసేది దాన్నే. నా చేపకు పలకల్లేవు. నోరు చిన్న గీత, దాని పక్కన పొట్టి మీసాలు. పట్టంతా రెక్కలది. ముందు జత, వెనక జత విసనకర్రల్లా పరుచుకుని పొట్టతో కలిసి పళ్లెమైపోయాయి. వెనక జత తోకవైపు ఒకదానితో ఒకటి అతికి ఉంది. ఇది కొండవాగుల లోచ్. ఒంటినిండా వల గీతలున్నాయి కనుక వియత్నాం వాగుల సెవెల్లియా లినియోలాటా అనుకున్నాను. పడమటి కనుమల్లోనూ దీని చుట్టాలున్నాయి. 1849లో జెర్డన్ వర్ణించిన ఒక చేప కోసం 1920లో సుందర్‌లాల్ హోరా 'భవానియా' అనే ప్రజాతిని ఏర్పరిచాడు. వాటి వెనక రెక్కలు మాత్రం విడివిడిగానే ఉంటాయి.

ఇక్కడ వీటిని పెంచడానికి అడ్డం వేడి అంటారు. నేనైతే ఊపిరి అంటాను. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. హైదరాబాద్ 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇంకో ఐదారు శాతం కోత. నీటితోపాటు ఒళ్లు వేడెక్కే ప్రాణికి అప్పుడే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రాబడి తగ్గిన నెలలోనే ఇంట్లో పెళ్లి వచ్చినట్టు.

అందుకే మోటారు నీటి పైతలాన్ని చిలకాలి. తొట్టిమీదికి ఫ్యాన్ తిప్పితే మట్టికుండ సూత్రంతో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ముసురు రోజుల్లో గాలికి తేమ పట్టదు గనుక ఆ ఫ్యాన్ దండగ. ఆవిరైన మేరకు మాత్రం ఉప్పల్ వైపు బోరునీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, గీజర్‌లో తెల్లగా పేరుకునే సున్నం తొట్టిలోనే ఉండిపోతుంది. ఆ లోటు ఆర్‌ఓ నీటితో పూడ్చాలి. ఇంత చేసినా, 20 నుంచి 24 డిగ్రీలు ఇష్టపడే చేపకు మే నెల గండమే. నేను తొట్టిని ఏసీ గదిలోకి మార్చాను. ఓ రాత్రి కరెంటు పోతే, మొప్పలు గబగబా ఆడిస్తూ నీటి అంచుదాకా పాకి కూర్చుంది. మర్నాడే బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను.

అద్దం నాకుతుందన్న మాట సగమే నిజం. దానికి కావలసింది పాచి పొర, అందులో దాగిన పురుగూ పుట్రా. మెరిసే కొత్త తొట్టిలో పస్తుంటుంది. మిద్దెమీద బకెట్ నీళ్లలో గులకరాళ్లను ఎండలో ఉంచి, పచ్చబారాక ఒక్కోటీ తొట్టిలో వేస్తుంటాను. చెయ్యి బయటికి తీసేలోపే రాయెక్కేస్తుంది. ముందు రెక్కల వెనకంచు సన్నగా వణుకుతూ కనిపిస్తుంది. పొట్టకిందికి చేరిన నీటిని బయటికి తోడేస్తోందన్నమాట.