బోరునీటిని కౌలున కిచ్చుట

మన సంఘ సభ్యులలో నొకరు గడచిన నెలలో మాకొక జాబు వ్రాసిరి. పట్టణమునుండి వచ్చిన వర్తకు డొకడు ఆయన మెట్టచేనిలోని బోరును అయిదేండ్లకు కౌలునకు అడుగుచున్నాడట. అచట షెడ్డు వేసి, యంత్రములు నిలిపి, నీటిని శుద్ధిచేసి 20 లీటర్ల క్యానులలో నింపి చుట్టుపట్ల ఊళ్లలో అమ్మునట. పంటమీద మిగులుదానికంటె కౌలే హెచ్చుగా నున్నది, వానతో పనిలేదు, ఇచ్చివేయవచ్చునా యని ఆయన ప్రశ్న. ఇట్టి బేరములు ఇప్పు డనేక గ్రామములలో జరుగుచున్నవి గనుక జవాబును ఈ పత్రికలోనే వ్రాయుచున్నాము.

మన ఊళ్లలో తరతరములుగా త్రాగునీటికి వెల లేదు. చలివేంద్రము పెట్టినవాడు పుణ్యమునకే పెట్టెను. మనదేశమున 1965లో బొంబాయి నగరమున బిస్లరీ పేరుతో సీసానీరు అమ్మకమునకు వచ్చినపుడు అది ధనవంతుల వస్తువు. నేడు పెండ్లి పందిరిలోను, కూలివాని గుడిసెలోను క్యాను కనబడుచున్నది. జనులు కేవలము డాబుకొరకే కొనుచున్నారని మేము చెప్పము. పాత నెల్లూరు జిల్లాలో నీటియందలి ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవుటను 1937లోనే వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లావారి బాధ లోకవిదితము. పంపునీరు సరిగా రానిచోట, బావినీరు విషమైనచోట, క్యానునీరు కొనువాని నెవరు తప్పుపట్టగలరు?

అయితే ఆ శుద్ధి యెట్లు జరుగునో రైతు తెలిసికొనవలెను. నీటిని మొదట ఇసుకలోను, బొగ్గులోను వడగట్టి, పిమ్మట మిక్కిలి ఒత్తిడితో ఒక సన్నని పొరగుండ నెట్టుదురు. దీనినే ఆర్వో యందురు. పొర దాటిన నీటిలో ఉప్పులు దాదాపుగా నుండవు. దాటని నీరు వేరొక గొట్టమున బయటికి వచ్చును. యంత్రమునుబట్టి హెచ్చుతగ్గు లుండును గాని, చిన్న ప్లాంటులలో సగము మంచినీరు, సగము వ్యర్థజలము అని లెక్క వేసికొందము. లీటరునకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడుగల నీరు 100 లీటర్లు పోసినచో, 50 లీటర్ల మంచినీరు పోగా మిగిలిన 50 లీటర్లలో లీటరునకు ఇంచుమించు 4 మిల్లీగ్రాములు చేరును. పొర ఫ్లోరైడును వేరుచేయునే గాని నశింపజేయదు. ఆ నీటిని చేనిగట్టున వదలినచో మరల భూమిలోనికే దిగును. ఉప్పు పేరుకొని కొన్నాళ్లకు ఆ తావున పైరు ఎదుగదు. కౌలు మాట లాడునపుడు ఈ రెండవ గొట్టపు ప్రసక్తి ఏ వర్తకుడును తీసికొనిరాడు.

ఇక నీటి పరిమాణము. రోజునకు 1,000 క్యానులు నింపు ప్లాంటు 20,000 లీటర్లు అమ్మును. అందుకు 40,000 లీటర్లు తోడవలెను. వినుటకు పెద్ద యంకెయే గాని న్యాయముగా మన వరిమడితో పోల్చి చూతము. రోజునకు 5 మిల్లీమీటర్ల నీరే యనుకొన్నను ఎకరమునకు 20,000 లీటర్లు కావలెను. అనగా ఆ ప్లాంటు రెండెకరముల వరితో సమానము. బోరుక్రింద అయిదెకరముల వరి నాటిన మనము వర్తకునిమాత్రము నీటిదొంగ యనుట తగదు. కాని భేదములు కలవు. వరి కోతతో నీరు కట్టివేయుదుము. ప్లాంటునకు కోత లేదు, చైత్రవైశాఖములలోనే దానికి గిరాకి. మడిలోని నీరు కొంత మరల ఇంకును. క్యానులోని నీరు ఊరు దాటి పోవును. పైగా నేడొకటియైన ప్లాంటు, లాభము చూచినపుడు ఏడాదిలో నాలుగగును.

నా భూమిలోని నీరు నాది, ఎవరి నడుగవలె నను సభ్యులు కలరు. 1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము ఆ భావమునకే బలమిచ్చినది. కాని భూమిక్రింది నీటికి సరిహద్దురాళ్లు లేవు. ఈ వివాదము కేరళమున పాలక్కాడు జిల్లాలోని ప్లాచిమడలో ఎంతదూరము పోయినదో చూడుడు. 2000లో కోకాకోలా కంపెనీవా రచట కర్మాగారము తెరచిరి. అది మంచినీటి ప్లాంటు కాదు, శీతలపానీయములది. అయినను బోరులతో తోడి సీసాలలో నింపి అమ్ము పద్ధతి యొకటియే. రెండేండ్లు గడువకమున్నే చుట్టుపట్ల బావులు తగ్గినవని, ఉన్ననీరు వంటకు పనికిరాకున్నదని జనులు మొరపెట్టిరి. మయిలమ్మ యను ఆదివాసీ స్త్రీ ముందు నిలువగా 2002 ఏప్రిలులో కర్మాగారపు వాకిట నిరసన మొదలయ్యెను. మరుసటి యేట పెరుమాట్టి పంచాయతీవారు లైసెన్సు పొడిగింప నిరాకరించిరి. 2003 డిసెంబరులో కేరళ హైకోర్టు న్యాయమూర్తి యొకరు భూగర్భజలము ప్రజల సొత్తనియు, ప్రభుత్వము దానికి ధర్మకర్త యనియు తీర్పుచెప్పిరి. కొరత వర్షాభావమువలన గలిగినదని కంపెనీవారు వాదించిరి. 2005లో అదే హైకోర్టు ధర్మాసనము తీర్పు మార్చి, షరతులతో రోజునకు 5 లక్షల లీటర్లవరకు తోడనిచ్చెను. కాని 2004 మార్చిలో ఆగిన కర్మాగారము మరల నడువలేదు. 2017లో తిరిగి తెరచు నుద్దేశము లేదని కంపెనీవారే సుప్రీముకోర్టున చెప్పిరి.

ఆ కథలో రైతులకు ముఖ్యమైనది మరియొకటి. కర్మాగారమునుండి వచ్చిన మడ్డిని ఎరువని చెప్పి చుట్టుపట్ల రైతులకిచ్చిరి. 2003లో బి.బి.సి. వారు దానిని పరీక్ష చేయింపగా సీసము, కాడ్మియము కనబడినవి. ఉచితముగా వచ్చిన యెరువని చేలలో చల్లుకొనినవారు మనవంటి సేద్యగాండ్రే. 2010లో కేరళ ప్రభుత్వము నియమించిన సంఘము నష్టమును 216 కోట్ల రూపాయలుగా నిర్ణయించెను. పరిహారమునకై శాసనసభ 2011లో బిల్లు చేసినను దానికి రాష్ట్రపతి సమ్మతి లభింపలేదు.

కొనువారినిగూర్చియు ఒకమాట. క్యానునీటిని మినరల్ వాటరనుట వాడుకయే గాని, అది శుద్ధిచేసిన మామూలు నీరు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సైన్సు పర్యావరణ కేంద్రమువారు ఢిల్లీ, బొంబాయిలలో అమ్ము 30 రకముల సీసానీటిని పరీక్షించి, పెక్కింటిలో లిండేను, క్లోరిపైరిఫాసు వంటి పురుగుమందుల శేషము లున్నవని ప్రకటించిరి. అవి సేద్యమున చల్లుచు వచ్చిన మందులే. నేలలోనికి దిగి, బోరున పైకివచ్చి, వెలగట్టి అమ్ముడుపోయినవి. దీనినిబట్టియే తరువాత ప్రమాణములు బిగించిరి. మూతమీదను చీటీమీదను ఆహారభద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, నింపిన తేది లేని సీలుక్యానును తీసికొనకుడు. ఎండలో నిలువయుంచినదానిని అసలే వలదు. 2024లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమువారు సీసానీటిలో లీటరునకు సగటున రెండు లక్షల నలుబది వేల ప్లాస్టిక్ రేణువులను లెక్కించిరి. అవి దేహమున నేమిచేయునో యింకను పరిశోధింపబడుచున్నది. వాడి పారవేసిన సీసాలు కాలువతూములకు అడ్డుపడుటను మనము ప్రతి తొలకరికిని చూచుచునే యున్నాము.

సభ్యునకు మేమిచ్చు సలహా యిది. కౌలు వలదని మేమనము. కాగితము వ్రాయకముందు నాలుగు ప్రక్కలనున్న బోరుల రైతులను పిలిచి మాటలాడుడు. ప్రజల త్రాగునీటి బోరు ఎంత దూరమున నున్నదో కొలిపింపుడు. 2002వ సంవత్సరపు వాల్టా చట్టము ప్రకారము త్రాగునీటి వనరునకు 250 మీటర్లలోపల క్రొత్త బోరు వేయరాదు, కావున వర్తకుడు రెండవ బోరు వేసెదనన్నచో అది చూచుకొనవలెను. వ్యర్థజల మెచట పోసెదరో, వేసవిలో నీటిమట్టము ఇన్ని అడుగులకు దిగినచో యంత్ర మాపెదరో కౌలుపత్రమున వ్రాయింపుడు. అందులకు వర్తకుడు ఒప్పుకొననిచో బేరము వదలుకొనుటయే మేలు. కొలతకు తాడును, బరువును సంఘ కార్యాలయమున నుంచితిమి. వచ్చు నెల మొదటి ఆదివారము ఆ చేని చుట్టునున్న బావుల మట్టములు కొలిచి పుస్తకమున వ్రాయదలచితిమి. ఆ సభ్యుడును, ఇరుగుపొరుగు రైతులును ఉదయముననే రావలెనని కోరుచున్నాము.