జనగామ పల్లెల్లో పుట్టి రాష్ట్రమంతా పాకిన పాటలు

జనగామ, భూపాలపల్లి వైపు పాట ముందు జనం నోట పడుతుంది. సినిమా దాన్ని తర్వాత వెతుక్కుంటూ వస్తుంది.

1946 జూలై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో రైతు ఉద్యమకారుడు దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక తెలంగాణ రైతాంగ పోరాటం ఊరూరా రాజుకుంది. ఆ పోరాట కాలపు పాటే బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’. మూడు దశాబ్దాల తర్వాత దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతెత్తాక అది తెలుగు నేలంతా మారుమోగింది.

జనగామకు దగ్గరి రేబర్తిలో 1961లో పుట్టిన అందె ఎల్లయ్యే అందెశ్రీ. బడి మెట్లెక్కలేదు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. అయినా ‘మాయమైపోతున్నడమ్మా’ పాట డిగ్రీ పాఠ్యపుస్తకం దాకా వెళ్లింది. ఆయన రాసిన ‘జయ జయహే తెలంగాణ’ తెలంగాణ ఉద్యమ సభల్లో ఏళ్ల తరబడి ప్రార్థనలా మోగింది. చివరికి 2024లో కీరవాణి స్వరకల్పనతో రాష్ట్ర గీతమైంది. ఆ గౌరవం దక్కాల్సిన దానికన్నా చాలా ఆలస్యంగా దక్కింది. 2025 నవంబర్ 10న ఆయన కన్నుమూశారు.

భూపాలపల్లి జిల్లాకు చెందిన మిట్టపల్లి సురేందర్‌దీ ఇదే దారి. ‘రాతిబొమ్మల్లోన’ పాటలో ఆయన పలికించిన కడుపుకోత ఉద్యమ రోజుల్లో ఎందరినో ఏడిపించింది. ఆ పాట 2011 నాటి ‘పోరు తెలంగాణ’ సినిమాలోనూ వినిపించింది.

పాడిన గొంతు అందరికీ గుర్తుంటుంది. ఈసారి ఈ పాటలు విన్నప్పుడు రాసినవారి పేరు కూడా పిల్లలకు చెప్పండి.