గొంతు పోయిన యూట్యూబర్, పాట నేర్పిన డాక్టర్

పోయిన నెల మూడు వారాలు వీడియో రాలేదు కదా, "ఏంటి బ్రో, మళ్లీ జాబ్‌లో చేరిపోయావా" అని చాలామంది మెసేజ్ పెట్టారు. చేరలేదు. గొంతు పోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు గొంతు లేకపోయినా కోడ్ రాసుకోవచ్చు. ఇప్పుడు నా ఈఎంఐలు కట్టేది ఈ గొంతే.

మాది పాల్మాకుల అని మీకు తెలుసు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు విమానం కనబడితే మేడెక్కి చూసేవాళ్లం. ఇప్పుడు అదే మేడ మీద గదిలో రికార్డింగ్. పైన విమానాలు, అవతల బెంగళూరు హైవే లారీలు. ఆ చప్పుడు మీద నేనూ చప్పుడు చేస్తూ మాట్లాడుతున్నానని నాకే తెలియలేదు. దీనికి ఒక పేరుంది, లాంబార్డ్ ఎఫెక్ట్. ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లో రాశాడు: చుట్టూ శబ్దం పెరిగితే మనిషి గొంతు దానంతటదే పెరుగుతుంది. మా అమ్మ ఏ పేరూ పెట్టకుండానే చెప్పింది, "గంతగనం ఎందుకు ఒర్రుతవ్‌రా, మైకుంది గదా!"

ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూపించారు. గొంతులో రెండు చిన్న మడతలు ఉంటాయి, స్వరతంత్రులు. మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకి సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు దాకా అవి ఒకదానికొకటి తగులుతాయి. అరిస్తే ఇంకా గట్టిగా కొట్టుకుంటాయి. నావి వాచి ఉన్నాయి. ఇలాగే అరిస్తే కాయలు కాస్తాయి, నాడ్యూల్స్ అంటారు అన్నారు. మాట బంద్, నీళ్లు తాగు, గుసగుసలు కూడా వద్దు, తగ్గాక ఎవరైనా సంగీతం టీచర్ దగ్గర గొంతు వాడటం నేర్చుకో. చివరిది విని నవ్వొచ్చింది. నేను బాత్‌రూమ్ సింగర్‌ని కూడా కాదు.

అయినా శంషాబాద్‌లో ఒక మేడం దగ్గరికి వెళ్లా. పాట పాడించలేదు. తంబురా యాప్ పెట్టి, "నీ 'స' ఎక్కడుందో వెతుక్కో బాబూ" అన్నారు. మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతిలో పాడతారు. ఆడవాళ్లు నాలుగు, ఐదు, ఐదున్నర. నేను వీడియోల్లో నా సహజమైన చోటు కంటే బాగా పైన మాట్లాడుతున్నానట. జోష్ అనుకున్నది ఒత్తిడి అన్నమాట.

మేడం గారి అల్మారాలో నాలుగు సంపుటాల పుస్తకం ఉంది, 'సంగీత సౌరభం'. రాసినవారు డాక్టర్ శ్రీపాద పినాకపాణి. పీహెచ్‌డీ డాక్టరా అని అడిగా. కాదు, మందులిచ్చే డాక్టరే! ఇక ఆ రోజు క్లాసంతా ఆయన గురించే అడిగా.

1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. వైద్యం చదివి, మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పి, కర్నూలులో స్థిరపడ్డారు. ఉద్యోగం అది. ఇంకోవైపు పాట నేర్పడం. మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ దగ్గర కొన్నాళ్లు నేర్చుకున్నారు, తంజావూరు బాణీని ఒంటబట్టించుకుని దాన్ని తెలుగువాళ్ల గొంతుల్లోకి తెచ్చారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, తర్వాతి తరంలో మల్లాది సోదరులు, అందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. నేదునూరి 1949లో ఆయన దగ్గరికి వచ్చేసరికే విజయనగరం సంగీత కళాశాలలో చదివిన విద్వాంసుడు. వచ్చిన విద్యను మళ్లీ మరమ్మతు చేసుకోవడం అంటే మామూలు విషయం కాదు. నేను పాత కోడ్ తిరగరాయమంటేనే మేనేజర్ మీద అలిగేవాణ్ని.

ఈ పుస్తకం ఎందుకు ముఖ్యమంటే, మామూలుగా కృతికి నొటేషన్ రాసేటప్పుడు స్వరాలు రాస్తారు. ఆ స్వరం ఎలా ఊగాలి, ఎక్కడ నిలవాలి, ఎక్కడ జారాలి అన్నది గమకం, అది గురువు గొంతులోనే ఉంటుంది. గురువు పోతే అదీ పోతుంది. పినాకపాణి గారు ఆ ఊపుని కూడా కాగితం మీదికి తెచ్చే పని పెట్టుకున్నారు. డాక్యుమెంటేషన్ లేని ప్రాజెక్ట్‌లో పనిచేసినవాళ్లకి ఈ కష్టం విలువ తెలుస్తుంది! 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్. 2013 మార్చిలో, నూరేళ్లకి అయిదు నెలల ముందు, కర్నూలులో పోయారు. ఆయన శిష్యులు నేదునూరికి కూడా సంగీత కళానిధి వచ్చింది, 1991లో.

సరే, నా సంగతి. మాయామాళవగౌళలో సరళి వరుసలు. మొదటి కాలంలో ఒక స్వరం, అదే తాళానికి రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఎందుకిలా చాదస్తంగా అని అడిగా. మేడం నా ఫోన్‌లో నన్ను రికార్డ్ చేసి వినిపించారు. నిదానంగా పాడితే 'రి' సరిగ్గానే ఉంది, వేగం పెరగగానే మెడ నరాలు బిగుసుకుని పైకి తన్నుకుపోతోంది. నిదానంలో దొరికిన సుఖాన్ని వేగంలో పోగొట్టుకోకుండా ఉండటమే కసరత్తు. పొద్దున్నే మంద్రంలో 'అ' పట్టుకుని నిలబడటం ఇంకోటి. నోరు తెరిచి, భుజాలు లేపకుండా, ఊపిరి అయిపోయే ముందే ఆపాలి. చివరి చుక్క దాకా పిండొద్దంటారు.

మీ ఫోన్‌లో కూడా తంబురా యాప్ పెట్టుకుని ట్రై చేయండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఫుల్ సౌండ్‌లో వద్దు, మీ గొంతు మీకు వినబడాలి. నొప్పి అనిపిస్తే ఆపేయండి. గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటితే యాప్ కాదు, ఈఎన్‌టీ.

గదికి మందం కర్టెన్లు వేశా. మైక్ దగ్గరికి జరుపుకున్నా. విమానం వస్తే ఆగుతున్నా, అందుకే ఈ ఎపిసోడ్‌లో ఇన్ని కట్‌లు. రెండో కాలం దాకా వచ్చా, మూడో కాలం ఇంకా పట్టుబడలేదు.